ఈ బిందెలో నీళ్లు ఏ వాగువి?

వరి మడిలో గడ్డి మందు కొట్టిన పంపును ఒక్కసారి నీళ్లతో తొలిచి, మర్నాడు దానితోనే పత్తికి పురుగు మందు కొడితే కొద్ది రోజుల్లో చేనులో ఒక వింత కనిపిస్తుంది. అరచెయ్యంత వెడల్పుండే పత్తి ఆకు బెండాకులా చీలి, వేళ్లు సాగదీసినట్టు సన్నగా, పొడుగ్గా తయారవుతుంది. లేత కొమ్మ మెలి తిరుగుతుంది. జయశంకర్ భూపాలపల్లి జిల్లా చిట్యాల చుట్టుపక్కల ఒకే రైతుకు వరి మడీ పత్తి చెల్కా ఉండటం మామూలే. పంపు మాత్రం ఒక్కటే ఉంటుంది. "చేనుకు వైరస్ తగిలినట్టుందన్నా" అని కొమ్మ విరిచి తెచ్చి చూపిస్తే, అనుభవమున్న మందుల దుకాణదారు ముందుగా అడిగే మాట: "పంపు ఎవలిది? ఇంతకుముందు దేనికి కొట్టిండ్రు?"

ట్యాంకు అడుగునా గొట్టంలోనూ మిగిలిన 2,4-డి చేసిన పని అది. వరిలో వెడల్పాకు కలుపును చంపడానికి వాడే మందు. వరి దాని కింద నిలబడి బతికింది. పత్తి మాత్రం నాలుగు చుక్కలకే వంకర తిరిగింది.

1960లలో వియత్నాం అడవుల మీద అమెరికా విమానాలు కుమ్మరించిన 'ఏజెంట్ ఆరెంజ్'లో సగం ఈ 2,4-డియే. ఆ యుద్ధానికి వెళ్లొచ్చిన అమెరికన్ సైనికుడికి ఈ రోజు షుగర్ వచ్చినా, వణుకుడు జబ్బు వచ్చినా, కొన్ని రకాల క్యాన్సర్లు వచ్చినా అక్కడి ప్రభుత్వం వైకల్య భృతి ఇస్తుంది. 'ఆ మందు వల్లే వచ్చిందని రుజువు చెయ్యి' అని అతన్ని అడగదు. జాలిపడి ఇస్తున్న డబ్బు అనుకుంటే పొరపాటు. దాని వెనక కొంత రసాయన శాస్త్రం ఉంది, కొంత లెక్కల శాస్త్రం ఉంది, అన్నిటికన్నా ఎక్కువగా కాగితాలున్నాయి.

పెరిగి పెరిగి చచ్చే మొక్క

మొక్క కొసల్లో ఆక్సిన్ అనే హార్మోన్ తయారవుతుంది. ఏ కణం ఎంత సాగాలి, కొమ్మ ఎటు వంగాలి అన్నది అదే చెబుతుంది. పని అయిపోగానే మొక్క ఆ ఆక్సిన్‌ను విరిచేస్తుంది. ఇంట్లో ఉప్పులాగా, కొంచెమే కావాలి, అదీ వేళకు కావాలి.

2,4-డి దొంగ ఆక్సిన్. మొక్క దాన్ని తన హార్మోనే అనుకుని లోపలికి రానిస్తుంది. కానీ విరవడం చేతకాదు. 'పెరుగు, పెరుగు' అన్న ఆజ్ఞ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. కాండం మెలికలు పడి పగులుతుంది, లోపల నీళ్లూ ఆహారమూ పారే నాళాలు నలిగిపోతాయి. చివరికి మొక్క ఆకలితో చస్తుంది. వరి, మొక్కజొన్న లాంటి గడ్డిజాతి మొక్కలకు ఈ దొంగను త్వరగా పట్టి కట్టేసే శక్తి ఉంది. పత్తికి లేదు, అందుకే గొట్టంలో మిగిలిన చుక్క కూడా దానికి ఎక్కువే.

ఈ తెలివైన మందును రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కనిపెట్టారు. యుద్ధం అయ్యాక పొలాల్లోకి వచ్చింది, ఇరవయ్యేళ్లలో మళ్లీ యుద్ధంలోకి వెళ్లింది.

పాకం ముదిరితే

ఏజెంట్ ఆరెంజ్‌లో రెండో సగం పేరు 2,4,5-టి. పేరులో ఒక్క అంకె తేడా, అణువులో ఒక్క క్లోరిన్ పరమాణువు తేడా. అడవి పొదల్ని, గట్టి కాండాన్ని చంపడంలో దీనిది పెద్ద చెయ్యి. అసలు గండం దీనితోనే వచ్చింది, అదీ మందు వల్ల కాదు, వండే పొయ్యి వల్ల.

అరిసెల పాకం పట్టిన వాళ్లకు తెలుసు. మంట ఒక్క క్షణం ఎక్కువైతే పాకం ముదిరి, గిన్నె అంచున నల్లటి చేదు మాడు పడుతుంది. ఆ మాడును ఎవరూ కావాలని చేయరు, పాకంతో పాటే పుడుతుంది. 2,4,5-టికి ముడిసరుకు తయారుచేసేటప్పుడు వేడి అదుపు తప్పితే, దాని అణువులు రెండు రెండు అతుక్కుని టీసీడీడీ అనే డయాక్సిన్‌గా మారతాయి. యుద్ధం కోసం ఆర్డర్లు ముంచుకొచ్చిన ఆ రోజుల్లో ఫ్యాక్టరీలు త్వరత్వరగా వండాయి. పది లక్షల పాళ్ల మందులో కొన్ని పాళ్లు మాడు కలిసింది.

కొన్ని పాళ్లే కదా అనిపించొచ్చు. 1962 నుంచి 1971 దాకా 'ఆపరేషన్ ర్యాంచ్ హ్యాండ్' పేరుతో వియత్నాం మీద చల్లిన కలుపు మందులు ఏడు కోట్ల లీటర్లకు పైమాటే. అందులో ఎక్కువ భాగం ఏజెంట్ ఆరెంజ్. డ్రమ్ముల మీద గుర్తుకోసం వేసిన నారింజ రంగు పట్టీ నుంచే ఆ పేరు వచ్చింది. మందు రంగుకూ దానికీ సంబంధం లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మన దుకాణంలో దొరికే 2,4-డి, ఏజెంట్ ఆరెంజ్ ఒకటే అని వాట్సాప్‌లో తిరిగే మాట తప్పు. టీసీడీడీ వచ్చింది 2,4,5-టి వైపు నుంచి. ఆ 2,4,5-టికి మన దేశం రిజిస్ట్రేషనే ఇవ్వలేదు, నిరాకరించిన మందుల జాబితాలో ఉంది. అలాగని 2,4-డి మంచినీళ్లు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో దాన్ని 'క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండొచ్చు' అన్న వర్గంలో పెట్టింది. అదే ఏడు గ్లైఫోసేట్ అనే కలుపు మందును అంతకన్నా ఒక మెట్టు పైన, 'బహుశా కలిగిస్తుంది' అన్న వర్గంలో పెట్టింది. టీసీడీడీ 1997 నుంచీ అన్నిటికన్నా పై మెట్టు మీద, సందేహం లేని జాబితాలో ఉంది.

ఆగని మోటారు

టీసీడీడీ ఒంట్లోకి పోయి ఏం చేస్తుంది? ఆమ్లంలా కాల్చదు, జన్యువుల్ని నేరుగా కోయదు. అది చేసే పని అర్థం కావాలంటే బావి దగ్గరి స్టార్టర్ డబ్బాను తలచుకోవాలి.

పచ్చ బొత్తాం నొక్కితే మోటారు నడుస్తుంది. మడి నిండగానే ఎర్ర బొత్తాం నొక్కుతాం. మన కణాల్లో అలాంటి బొత్తాం ఒకటుంది. తిండిలో, పొగలో వచ్చే కొన్ని పదార్థాలు తగిలినప్పుడు అది నొక్కుకుని, కణం నడిబొడ్డున ఉన్న జన్యువుల్లో కొన్నిటిని మేల్కొలుపుతుంది. ఆ జన్యువులు ఎంజైములను తయారుచేస్తాయి. ఎంజైములు వచ్చిన పదార్థాన్ని ముక్కలు చేస్తాయి. పదార్థం పోగానే బొత్తాం తనంతట తానే వదులుతుంది. నొక్కినవాడినే పట్టుకుని బయటికి గెంటే ఏర్పాటు ఇది, ముచ్చటైన ఏర్పాటు.

టీసీడీడీ ఆ బొత్తాంలో అచ్చంగా ఇమిడిపోతుంది. కానీ దాని నాలుగు మూలలా నాలుగు క్లోరిన్ పరమాణువులు కాపలా ఉంటాయి. ఎంజైములు వస్తాయి, కొరకడానికి చోటు దొరకదు, ఊరుకుంటాయి. బొత్తాం నొక్కినట్టే ఉండిపోతుంది, మోటారు నడుస్తూనే ఉంటుంది. ఆటో స్టార్టర్ పెట్టి ఊరికి పోయిన రైతు బావిలాగా. కణాలు ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు ఆగాలి, చక్కెరను ఎలా వాడుకోవాలి అన్న లెక్కలన్నీ ఈ బొత్తాంతో ఎక్కడో ఒకచోట ముడిపడి ఉన్నాయి కాబట్టి, ఒకే విషం ఒకరికి క్యాన్సర్‌గా, ఇంకొకరికి షుగర్‌గా కనిపిస్తుంది.

పైగా ఇది కొవ్వులో దాక్కుంటుంది. ఒంట్లో చేరిన దానిలో సగం పోవడానికి ఏడు నుంచి పదకొండేళ్లు పడుతుంది. ఇరవైల్లో తగిలినది నలభైల్లో కూడా నెత్తురు పరీక్షలో దొరుకుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

* * *
బాక్స్: డబ్బా మీది రంగు ఏం చెబుతుంది?

మన దేశంలో పురుగు మందు, కలుపు మందు డబ్బాల మీద డైమండ్ ఆకారం ఉంటుంది. దాని కింది సగంలో ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ – ఏదో ఒక రంగు. ఎరుపైతే అన్నిటికన్నా ప్రమాదం, ఆకుపచ్చైతే తక్కువ అని అందరికీ తెలుసు. ఆ రంగును నిర్ణయించేది ఒక్కసారిగా కడుపులోకి పోయినా, చర్మానికి తగిలినా ఎంత మోతాదు ప్రాణం తీస్తుంది అన్న లెక్క. ఏడాదికి పదిసార్లు చొప్పున పదేళ్లు వీపు మీద కారితే ఏమవుతుందో ఆ రంగు చెప్పదు. ఆకుపచ్చ డబ్బా అంటే 'ఈ రోజు చంపదు' అని మాత్రమే అర్థం.
* * *

చెరువు నిండాక

ఇప్పుడు అసలు చిక్కుముడి. మూడు వాగులు కలిసే చెరువులో బిందె ముంచి, 'ఈ నీళ్లు ఏ వాగువి?' అని అడిగితే ఎవరు చెప్పగలరు? మూడో వాగు వచ్చాక చెరువు మట్టం ఇంత పెరిగిందని కొలిచి చెప్పొచ్చు. బిందె సంగతి మాత్రం దేవుడికే తెలియాలి.

రోగాలు అచ్చం ఇలాంటివే. షుగర్ వంశంలో రావొచ్చు, ఒళ్లు పెరిగితే రావొచ్చు, డయాక్సిన్ వల్ల రావొచ్చు. డయాక్సిన్ తగిలిన వేలమందిని, తగలని వేలమందిని పక్కపక్కన పెట్టి చూస్తే మొదటి గుంపులో షుగర్ ఎక్కువ ఉందని లెక్క చెబుతుంది. అంటే చెరువు మట్టం పెరిగింది. కానీ ఎదురుగా కూర్చున్న ఈ ఒక్క మనిషి షుగర్ ఏ వాగుదో ఏ డాక్టరూ చెప్పలేడు. రోగం మీద ముద్ర ఉండదు.

1970లలో, 80లలో అమెరికన్ మాజీ సైనికులు వైకల్య భృతి కోసం వెళ్తే వాళ్లను అడిగింది సరిగ్గా ఈ ప్రశ్నే: నీ బిందెలో నీళ్లు ఏ వాగువి? చర్మం మీద మొండి మొటిమల్లా లేచే 'క్లోరాక్నే' ఒక్కదాన్నే మొదట ఒప్పుకున్నారు, ఎందుకంటే డయాక్సిన్ లాంటివి తగలకుండా అది రాదు. అంటే ముద్ర ఉన్న రోగం అదొక్కటే. మిగతా దరఖాస్తులు తిప్పి పంపారు. మందు తయారుచేసిన కంపెనీల మీద వేసిన దావా 1984లో 18 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. కంపెనీలు తప్పు ఒప్పుకోలేదు.

1991లో వచ్చిన ఏజెంట్ ఆరెంజ్ చట్టం ప్రశ్నను మార్చేసింది. ఆ చట్టంలో నాకు అన్నిటికన్నా తెలివిగా తోచేది ఇదే. బిందె సంగతి అడగడం మానేసి రెండే అడిగింది. ఒకటి: 1962 జనవరి 9కీ 1975 మే 7కీ మధ్య వియత్నాం నేల మీద అడుగు పెట్టావా? రెండు: ఇప్పుడు నీకున్న జబ్బు ఈ జాబితాలో ఉందా? రెండింటికీ అవునంటే చాలు, సంబంధం ఉందని చట్టమే అనుకుంటుంది. కాదనాలంటే రుజువు ప్రభుత్వం తేవాలి. జాబితా తయారుచేసే పనిలో రాజకీయ నాయకుల మాట చెల్లకుండా, రెండేళ్లకోసారి జాతీయ సైన్స్ అకాడమీ పరిశోధనలన్నీ తిరగేసి చెప్పాలన్నారు. అకాడమీ కూడా 'తేలింది, తేలలేదు' అని రెండు ముక్కల్లో తీర్పు చెప్పలేదు. 'తగినంత ఆధారం ఉంది', 'కొంత సూచన ఉంది', 'చెప్పడానికి చాలదు' అని మెట్లు పెట్టుకుంది.

అలా ఒక్కొక్క జబ్బూ జాబితా ఎక్కింది. 1996లో ప్రోస్టేట్ క్యాన్సర్, 2001లో టైప్-2 షుగర్, 2010లో పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బు, గుండె రక్తనాళాల జబ్బు. బీపీ కథ ఇంకా ఆలస్యం. 'తగినంత ఆధారం ఉంది' అని 2018లో శాస్త్రవేత్తలు చెప్పినా, 2022 ఆగస్టులో పాక్ట్ చట్టం వచ్చేదాకా అది జాబితాలోకి రాలేదు. నేల మీద అడుగు పెట్టకుండా తీరం దగ్గరి ఓడల్లోనే ఉన్న నావికులకు 2019 చట్టం దాకా తలుపు తెరుచుకోలేదు. గీత ఎక్కడ గీసినా గీతకు అవతల ఎవరో ఒకరు మిగిలిపోతారు.

అందరికన్నా దూరంగా మిగిలింది ఆ మందు ఎవరి నెత్తిన పడిందో వాళ్లే. వియత్నాం బాధితులు అమెరికన్ కంపెనీల మీద వేసిన కేసును 2005 మార్చిలో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు కొట్టేసింది. జడ్జి జాక్ వైన్‌స్టీన్, 1984లో సైనికుల రాజీని నడిపించినాయనే.

నెత్తురులో లేకపోతే కాగితంలో

ఈ చట్టం నిలబడింది రెండు సాక్ష్యాల మీద. ఒకటి నెత్తురు. టీసీడీడీ ఏళ్లతరబడి ఒంట్లో ఉంటుంది కాబట్టి, విమానాల్లోంచి మందు చల్లిన సిబ్బందిని వైమానిక దళం 1982 నుంచి 2006 దాకా వెంటాడి పరీక్షించగలిగింది. ఎవరి ఒంట్లో ఎక్కువ ఉంటే వారికి షుగర్ ఎక్కువని ఆ అధ్యయనంలోనే కనిపించింది. రెండోది కాగితం. ఏ విమానం, ఏ తేదీన, ఏ దారిలో, ఎన్ని గ్యాలన్లు చల్లిందో సైన్యం రాసి పెట్టుకుంది. ఏ సైనికుడు ఏ తేదీల్లో ఎక్కడున్నాడో సర్వీసు రికార్డులో ఉంది. అడవిని చంపిన సైన్యమే ఆ లెక్కను పద్ధతిగా దాచింది, చివరికి అదే సైనికుడికి అక్కరకొచ్చింది.

మన సైనికుడికీ ఇలాంటి ఊహే రక్షగా నిలిచింది. ఏజెంట్ ఆరెంజ్ కాదు గానీ, సర్వీసులో ఉండగా జబ్బు చేసి ఇంటికి పంపిన జవాన్ల విషయంలో 2013 జులైలో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. చేర్చుకున్నప్పుడు ఆరోగ్యంగా ఉన్నాడని రాసుకున్నారు, జబ్బు ఉన్నట్టు ఎక్కడా రాయలేదు, కాబట్టి సర్వీసు వల్లే వచ్చిందనుకోవాలి. కాదని రుజువు చేసే భారం సైన్యానిదే, సందేహం ఉంటే అది జవానుకే అనుకూలం. ఆ తీర్పు కూడా ఆధారపడింది ఒక కాగితం మీదే, భర్తీ నాటి వైద్య పరీక్ష కాగితం మీద.

పంపు మోసే వీపు

ఇక చిట్యాలకు రండి. జులై, ఆగస్టు నెలల్లో ఏ చేను గెట్టున నిలబడ్డా కనిపించే దృశ్యం ఇది. పదహారు లీటర్ల పంపు వీపున తగిలించుకున్న మనిషి. చాలాసార్లు ఆ చేను అతనిది కాదు, ట్యాంకుకు ఇంత అని కైకిలికి వచ్చినవాడు. కాళ్లకు చెప్పుల్లేవు, లుంగీ మోకాళ్ల పైకి కట్టాడు, మూతికి తువ్వాల చుట్టాడు. మూత దగ్గర వాషర్ అరిగింది. వంగినప్పుడల్లా సన్నటి ధార వీపు మీంచి నడుము దాకా కారుతుంది, లుంగీ మడతలో ఇంకి అక్కడే ఉంటుంది. అన్ని చోట్లా చర్మం ఒకేలా పీల్చదు. ముంజేయి కన్నా గజ్జల దగ్గరి చర్మం పది రెట్లకు పైగా పీల్చుకుంటుందని పురుగు మందుల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. తువ్వాల మూతికి కట్టుకున్నాడు, విషం నడుము దగ్గర దిగుతోంది.

ఇతని ఒంట్లో పదేళ్ల తర్వాత ఏం దొరుకుతుంది? దాదాపు ఏమీ దొరకదు. 2,4-డి గానీ గ్లైఫోసేట్ గానీ టీసీడీడీలా దాక్కోవు, కొద్ది రోజుల్లోనే చాలావరకు మూత్రంలో పోతాయి. ఒంటికి అది మేలే. సాక్ష్యానికి చేటు. అది ఒంట్లోంచి పోయేలోపు చేసిన నష్టం ఏదైనా ఉంటే ఆ నష్టం మిగులుతుంది, చేసిన చెయ్యి దొరకదు.

మరి కాగితం? వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో 1997 నుంచి 2002 దాకా పురుగు మందుల విషంతో చేరిన 8,040 మంది లెక్కను డాక్టర్లు ప్రచురించారు. వారిలో ప్రతి వందమందిలో 22 మందికి పైగా చనిపోయారు. అయితే 2002లో చేరినవాళ్లను విడిగా చూస్తే దాదాపు అందరూ ప్రాణం విసిగి తాగినవాళ్లే. ఆసుపత్రి రిజిస్టరు నోట్లోంచి పోయిన విషాన్ని లెక్క పెట్టింది. వీపు మీంచి, మెల్లగా, ఏళ్లతరబడి దిగినదానికి రిజిస్టరు ఎక్కడుంది?

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 1923 నాటి నష్టపరిహార చట్టంలోనే వృత్తి వ్యాధుల జాబితా పెట్టారు. ఫలానా పనిలో ఉన్నవాడికి ఫలానా జబ్బు వస్తే పని వల్లే వచ్చిందనుకోవాలన్న ఊహ ఏజెంట్ ఆరెంజ్ చట్టంకన్నా ముందే మన పుస్తకాల్లోకి ఎక్కింది. ఆర్గానోఫాస్ఫరస్ విషం, క్లోరిన్ జాతి హైడ్రోకార్బన్ల వల్ల వచ్చే జబ్బులు ఆ జాబితాలోకి ఎక్కాయి కూడా. కానీ ఆ చట్టం యజమానీ ఉద్యోగీ అని ఇద్దరుంటేనే పలికేది. నేడు ఈ చేను, రేపు ఆ చేను తిరిగే కైకిలి మనిషికి యజమాని ఎవరు?

తెలంగాణలో రైతు బీమా 2018 ఆగస్టు 15న మొదలైంది. 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు. కారణం అడగకపోవడం గొప్ప సంగతే. అయితే పట్టా పాసుపుస్తకం ఉన్నవాళ్లకే, చనిపోతేనే. చేతులు వణికి చెంచా పట్టలేని స్థితికి చేరి బతికున్నవాడికి అందులో చోటు లేదు. ఏడాదికి 20 రూపాయల ప్రీమియం కట్టే కేంద్రం ప్రమాద బీమా వైకల్యానికీ డబ్బు ఇస్తుంది, కానీ ప్రమాదం జరగాలి. పదేళ్లు పట్టి వచ్చిన జబ్బుకు ప్రమాదం జరిగిన తేదీ ఏమని రాస్తారు?

ఒక్క కిటికీ తెరిచి ఉంది, చాలామందికి తెలియదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో పార్కిన్సన్స్ ఒకటి. 40 శాతం వైకల్యం ఉందని మెడికల్ బోర్డు సర్టిఫికెట్ ఇస్తే పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు, 2023లో తెలంగాణలో దాన్ని నెలకు 4,016 రూపాయలు చేశారు. వణుకుడును 'వయసైంది' అని కొట్టేయకుండా బోర్డు దాకా తీసుకెళ్లాలి, అంతే. అక్కడ జబ్బు ఎందుకు వచ్చిందని ఎవరూ అడగరు. అడగరు కాబట్టి మందు వల్ల ఎంతమందికి వచ్చిందో ఆ ఫైళ్లు కూడా ఎప్పటికీ చెప్పవు.

చెరువు మట్టం కొలవాలంటే ముందు ఎన్ని బిందెలున్నాయో తెలియాలి. ఆ పని సర్కారు చేసేదాకా ఆగక్కర్లేదు. మందు కొన్నప్పుడు చిట్టీ మీద రాసింది కాకుండా మందు పేరు, బ్యాచ్ నంబరు ఉన్న బిల్లు అడిగి తీసుకోండి. దాని వెనక కొట్టిన తేదీ, చేను, ఎన్ని ట్యాంకులు, ఎవరు కొట్టారో రాయండి – కైకిలి మనిషైతే అతని పేరు, ఒక కాగితం అతనికీ ఇవ్వండి. అరిగిన వాషర్ ఆ రోజే మార్చండి. డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ఆ కాగితాలు వెంట తీసుకెళ్లి, ఓపీ చీటీలో 'మందు కొట్టే పని, ఇన్నేళ్లు' అన్న ఒక్క ముక్క రాయించుకోండి.